మేనేజరుగారి జోస్యం

రాబోయే ఏడాది రాబడి ఎంతో ముందుగానే తెలుసుకోవాలన్న ఆరాటం మనకు కొత్తగా అంటుకున్నది కాదు. ఉగాదినాడు పచ్చడి చేదు నాలుకమీద ఆరకముందే గుడికి పోయి, పంతులుగారి ఎదుట చేరి, మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులు రిక్కించుకొని వింటాము. ఆదాయం 14, వ్యయం 2 అన్నారంటే ఆ పూట భోజనం కాస్త రుచిగా వుంటుంది. ఆదాయం 2, వ్యయం 14 అన్నారంటే, "ఇవన్నీ ఎవరు నమ్ముతారులెండి" అని లేచి వస్తాము. మంచిదైతే శాస్త్రం, చెడ్డదైతే చాదస్తం. మళ్ళీ ఉగాది వచ్చేనాటికి ఆ అంకెను తన ఇంటి పద్దుతో సరిచూసుకున్న మనిషి మాత్రం నాకింతవరకూ తారసపడలేదు.

కంపెనీలకూ ఒక ఉగాది వుంది. మార్చి 31తో పద్దులు మూసివేసి, ఆ తరువాత ఫలితాలు ప్రకటించేనాడు అది వస్తుంది. ఆనాడు కొన్ని కంపెనీల పెద్దలు పత్రికలవారిని పిలిచి కూర్చోబెట్టి, "ఈ సంవత్సరం మా అమ్మకాలు నూటికి ఇంత పెరుగుతాయి, లాభం ఇంత రావచ్చు" అని సెలవిస్తారు. ఆ పెద్దలకు ఇప్పుడు రకరకాల బిరుదులున్నాయి గాని, మన మాటలకు మేనేజరు అన్న పాత పేరే చాలు. ఆ జోస్యానికి గైడెన్స్ అని పేరు. అది నోట వెలువడిన గంటలోనే కంపెనీ వాటా ధర ఎక్కడమో దిగడమో జరిగిపోతుంది. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక ఇంటి పెళ్ళిఖర్చు దానితోపాటే ఎక్కుతుంది, లేదా దిగుతుంది.

లోపల కూర్చున్నవాడు గనుక ఆయనకు బాగా తెలిసివుంటుందని మనం అనుకుంటాము. ఆ నమ్మకాన్ని ఒకసారి తూకం వేసి చూడవలసిన అవసరం ఆ మధ్య నాకు తటస్థించింది.

మా వీధిలో ఒక పెద్దమనిషి వున్నాడు. సింగరేణి ఆఫీసులో చాలాకాలం గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. వీధికంతా ఆయన 'కాకా'. పెద్దపిల్లల పెళ్ళిళ్ళు అయిపోయినవి. చిన్నమ్మాయిది మిగిలింది. ఆ పెళ్ళి కోసం దాచిన గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులో వుంది. ఒకనాటి సాయంత్రం చేతిలో ఫోను పట్టుకొని మా అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, గిది జర సూడుండ్రి. గీ కంపెనీ మేనేజరు, వచ్చే ఏడాది లాభం నూటికి ముప్పై పెరుగుతదంటున్నడు. బయటోడు చెప్తె నేను నమ్మను. లోపల కూసున్నోడే చెప్తున్నడాయె. బ్యాంకుల ఏస్తె వచ్చే మిత్తి ఏ మూలకు సాల్తది? పిల్ల పెండ్లి పైసలల్ల సగం ఇండ్ల పెడుదామా అని సూస్తున్న."

"షేర్ల సంగతి నాకేం తెలుసు కాకా? నేను పద్యాలు చెప్పుకొని బతికేవాణ్ణి" అన్నాను.

"షేర్ల సంగతి నేనడుగుతలేను సార్. ఆయన మాట సంగతి అడుగుతున్న. మాట నిలబడ్తదా లేదా సూసుడు మీ పనే గద!"

ఆ మాట నన్ను కదలనివ్వలేదు. సరే, ఇద్దరం కలిసి చూద్దామన్నాను. కాకాకు లెక్కలు వచ్చు. నాకు కాగితాలు వెతికే ఓపిక వుంది.

జోస్యం మంచిదా కాదా అని తేల్చాలంటే దాని పక్కన నిలబెట్టడానికి మరొక జోస్యం కావాలి. ఒంటరిగా నిలబడ్డవాడు పొడుగో పొట్టో చెప్పలేము గదా. ఆ రెండో జోస్యం ఎంత మొరటుదైతే అంత మంచిది. అన్నిటికన్న మొరటుది, కాని పరువైనది, ఒకటుంది: "నిరుడు ఎంతో, ఈ ఏడూ అంతే." దీన్ని మనం 'నిరుటి లెక్క' అందాము. దీనికి మేనేజరు అక్కరలేదు, ఏసీ గది అక్కరలేదు. పాత పద్దు తిరగేయగలిగిన పిల్లవాడు చాలు. మా ఇంట్లో ఆడవాళ్ళు దసరా ఖర్చు కట్టేది కూడా ఈ పద్ధతిమీదనే. నిరుటి చిట్టా చూసి, ధరలు పెరిగినంత మేరకు ఒక చిటికెడు కలుపుతారు. ఆ అంచనా తప్పిన ఏళ్ళు వేళ్ళమీద లెక్కించవచ్చు. సంఖ్యాశాస్త్రంవారి పెద్ద పెద్ద సూత్రాలు చాలావరకు ఈ చిట్టాకే అన్నదమ్ములు. కొన్ని నిరుటికి ఎక్కువ బరువు, ముందటేడాదికి కొంచెం తక్కువ బరువు ఇచ్చి సగటు తీస్తాయి. కొన్ని గత పెరుగుదలను ముందుకు గీత గీసినట్టు సాగదీస్తాయి. అంతే.

మేనేజరు గొప్పవాడని ఒప్పుకోవాలంటే ఆయన ఈ నిరుటి లెక్కను ఓడించాలి. ఆయన అంకె తప్పినా తప్పుగాదు. నిరుటి లెక్కకన్న తక్కువ తప్పితే చాలు.

మొదట ఇంటిదగ్గరి సంగతే చూద్దామన్నాడు కాకా. మా జిల్లాలో గోలేటి దాకా సింగరేణి గనులే. సింగరేణి ఏటేటా బొగ్గు ఉత్పత్తికి ముందుగా ఒక అంకె చెబుతుంది. అది లాభం అంకె కాదు, టన్నుల అంకె. అయినా లాభానికి మూలం అదే గనుక పరీక్షకు పనికివస్తుంది. 2021-22లో తవ్వినది సుమారు 650 లక్షల టన్నులు. మరుసటి ఏటికి, అంటే 2022-23కు, పెట్టుకున్న అంకె 700 లక్షలు. వచ్చింది 671 లక్షలు. సంస్థ చెప్పినది 29 లక్షల టన్నుల మేర తప్పింది. ఏమీ ఆలోచించని నిరుటి లెక్క 21 లక్షల మేర మాత్రమే తప్పింది. 2023-24లో సంస్థ చెప్పిన 700 లక్షలూ వచ్చినవి. ఆ ఏడు నిరుటి లెక్క చిత్తుగా ఓడింది. 2024-25కు 720 లక్షలన్నారు, 690 వచ్చినవి. చెప్పినది 30 లక్షలు తప్పితే నిరుటి లెక్క 10 లక్షలే తప్పింది. మూడు పందేల్లో రెండు పాత చిట్టాకే దక్కినవి.

నేను విజయగర్వంతో కాకావైపు చూశాను. ఆయన నవ్వాడు.

"సార్, మీరు ఒక ముచ్చట మరిసిండ్రు. గది అంచనా గాదు, లక్ష్యం. ఏడువందలంటెనే ఆరువందల డెబ్బయ్యన్న అయితది. మొదలే ఆరువందల డెబ్బయ్యంటె ఆరువందల నలబై కాడ్నే ఆగుతది. వానకాలం ఓపెన్‌కాస్టుల నీళ్ళు నిండితె మిషిన్లు ఏడికి పోతయ్? గది ఆఫీసుల అందరికెరుకే. అయినా పెద్ద అంకెనే రాస్తరు. రాయాలె."

నాకు బోధపడింది. లక్ష్యం అనేది ముందు నడిచేవాడు వెనకవాళ్ళను నడిపించడానికి వేసే కేక. అంచనా అనేది ఎంతదూరం నడవగలరో ఉన్నదున్నట్టు చెప్పే మాట. రెండూ ఒకే నోటినుంచి, ఒకే అంకెగా వస్తాయి. వినేవాడు ఏదో తెలుసుకోకపోతే కేకను కొలతగా పొరబడతాడు. మా అధ్యాపకుల గదిలోనూ ఇదే తంతు. పరీక్షలకు ముందు ఏ సబ్జెక్టులో నూటికి ఎంతమంది గట్టెక్కుతారని అడిగితే ప్రతివారూ తొంభై అంటారు. ఎనభై అన్నవాడు పనిచేయనివాడిలా కనబడతాడని భయం. అబద్ధమాడాలని ఎవరికీ లేదు. కాని అడిగినవారు అంచనా అడిగారో, ప్రతిజ్ఞ అడిగారో అడిగినవారికే తెలియదు.

ఇక్కడితో ఆపితే మేనేజర్లకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. అందుకని గైడెన్స్ చెప్పడంలో పేరుమోసిన ఒక కంపెనీని తీసుకున్నాము. బెంగుళూరు ఇన్ఫోసిస్ సంస్థ సంగతి తెలుగు ఇళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మన పిల్లలెందరో అందులో వున్నారు. ఆ రోజుల్లో ఆ సంస్థ ఏటా ఏప్రిల్లో, డాలర్లలో తన రాబడి నూటికి ఎంత పెరుగుతుందో ఒక హద్దునుంచి మరొక హద్దువరకు చెప్పేది. 2010-11లో రాబడి నూటికి 25.7 పెరిగింది. 2011-12కు 18 నుంచి 20 వరకు అని చెప్పారు; పెరిగింది 15.8. 2012-13కు 8 నుంచి 10 వరకు అన్నారు, పెరిగింది 5.8. 2013-14కు 6 నుంచి 10 వరకు అన్నారు, పెరిగింది 11.5.

ఈ అంకెలు కాకా పాత కవరు వెనుక రాసుకొని చాలాసేపు చూశాడు. చెప్పిన హద్దుల మధ్య అంకె తీసుకుంటే, మూడేళ్ళూ మేనేజర్లు సుమారు మూడు, మూడున్నర పాళ్ళు తప్పారు. నిరుడు పెరిగినంతే ఈ ఏడూ పెరుగుతుందన్న మొరటు లెక్క మొదటి రెండేళ్ళు పదేసి పాళ్ళు, మూడో ఏడు దాదాపు ఆరు పాళ్ళు తప్పింది. మూడింటికి మూడూ మేనేజర్లే గెలిచారు.

అయితే ఇందులో చూడవలసినవి మరి రెండున్నాయి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అసలు అంకె వారు చెప్పిన హద్దులలోపల పడలేదు. రెండుసార్లు కిందికి, ఒకసారి పైకి జారిపోయింది. అంటే దారి ఎటు తిరుగుతున్నదో వారికి తెలుసు, ఎంతవరకు తిరుగుతుందో తెలియదు. రెండవది, 2013 ఏప్రిల్ 12న ఆ 6 నుంచి 10 అన్న జోస్యం వినగానే వాటా ధర ఒక్కరోజున నూటికి 21 పాళ్ళు పడిపోయింది. ఆనాడు బెదిరి అమ్ముకున్నవారు ఎందరో. తీరా సంవత్సరం గడిచేసరికి రాబడి మేనేజర్లు చెప్పినదానికన్న ఎక్కువే పెరిగింది. జోస్యం విన్నవాడు నష్టపోవడానికి జోస్యం చెప్పినవాడు దొంగ కానక్కరలేదు.

బొగ్గు లక్ష్యం ఓడి, ఇన్ఫోసిస్ గైడెన్స్ ఎందుకు గెలిచినట్టు? కాకాయే చెప్పాడు: "వాళ్ళ కాడ ఆర్డర్లుంటయి సార్. ఎవలెవలు పని ఇస్తరో, ఎవలు బంద్ పెడ్తరో ముందుగాల్ల ఎరుకైతది." సరిగ్గా అదే కారణం. పాత పద్దులో లేనిది, మేనేజరుకు మాత్రమే తెలిసినది ఏదైనా వుంటే ఆ మేరకు ఆయన జోస్యానికి విలువ. చేతిలో వున్న ఆర్డర్లు, చేజారిన ఖాతాదారు, పడబోయే కొత్త యంత్రం: ఇవి నిరుటి చిట్టాకు కనిపించవు. ఇవేవీ లేకుండా ఉత్సాహం ఒక్కటే వుంటే, ఆయనకన్న చిట్టాయే మేలు.

ఈ సంగతిమీద పండితులు చాలాకాలంగా తగువులాడుకుంటున్నారు. 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ మీల్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. రోగిని ఎదుట కూర్చోబెట్టుకొని నిపుణుడు చెప్పే జోస్యం నిజమవుతుందా, నాలుగు అంకెలు కూడి సూత్రం చెప్పేది నిజమవుతుందా అని పరీక్షించిన పరిశోధనలు ఒక ఇరవై దాకా పోగుచేసి చూశాడు. ఇంచుమించు అన్నిట్లోనూ సూత్రం నిపుణుడికి సమంగానో, మించియో నిలిచింది. నిపుణులకు కోపం వచ్చిందని వేరే చెప్పాలా?

కంపెనీల లాభాల విషయంలో మాత్రం తీర్పు అంత ఏకపక్షంగా లేదు. కోప్‌లాండ్, మారియోని అనే ఇద్దరు 1972లో అమెరికా కంపెనీ అధికారుల లాభాల అంచనాలను మొరటు లెక్కలతో పోల్చి, అధికారులవే మెరుగని తేల్చారు. 1976లో లోరెక్, మెక్‌డొనాల్డ్, పాట్జ్ అనే ముగ్గురు మరి కాస్త పదునైన సంఖ్యాసూత్రంతో అదే పోటీ పెట్టి చూశారు. ఈసారి అధికారుల ఆధిక్యం నిలవలేదు. ఇక్కడ ఒక చిన్న కిటుకు వుంది. గైడెన్స్ చెప్పి తీరాలని అందరికీ నిర్బంధం లేనప్పుడు, నోరు విప్పేవాళ్ళు చాలావరకు తమ పంట పండుతుందని గట్టి నమ్మకమున్నవాళ్ళే. పంట ఎండేటట్టున్నవాడు మౌనంగా వుంటాడు. మాట్లాడినవాళ్ళ లెక్కలే చూసి మేనేజర్లందరికీ పట్టం కట్టడం, పెళ్ళిలో పాడినవాళ్ళను విని ఊరంతా సంగీతజ్ఞులే అన్నట్టు వుంటుంది.

సూత్రం వున్నది గదా అని దాన్ని ఎడాపెడా వాడేవాళ్ళకూ ఒక హెచ్చరిక వుంది. 1962లో ఆక్స్‌ఫర్డుకు చెందిన లిటిల్ అనే ఆర్థికవేత్త బ్రిటిషు కంపెనీల లాభాలు పరిశీలించి, గత కొన్నేళ్ళు వేగంగా పెరిగిన కంపెనీ ఇకముందు కూడా వేగంగా పెరుగుతుందనడానికి ఆధారం దొరకడంలేదన్నాడు. అంటే నిరుటి పెరుగుదలను గీత గీసి ఆకాశానికి సాగదీయడం కూడా జోస్యమే, శాస్త్రం కాదు. 1982లో మక్రిదాకిస్ అనే గ్రీకు శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1001 రకాల అంకెల వరుసలు తీసుకొని పలు పద్ధతులకు పందెం పెట్టారు. గడ్డు సూత్రాలు సులువైన సూత్రాలకన్న మెరుగుగా చెబుతాయన్న భరోసా ఏమీ లేదని తేలింది. చిట్టా చాలినచోట పంచాంగమంత గ్రంథం అక్కరలేదన్నమాట.

నిరుటి లెక్కకు ఒక పెద్ద గుడ్డితనం వుంది. అది చూడాలంటే మాకు దూరం పోనక్కరలేదు, పక్కనే కాగజ్‌నగర్ వుంది. 1942లో అక్కడ సిర్పూరు పేపరు మిల్లులో కాగితం తయారుకావడం మొదలైంది. ఊరికి ఆ పేరు రావడానికే ఆ మిల్లు కారణం. డెబ్బయి యేళ్ళ చిట్టా చూసి ఎవరైనా ఏం చెబుతారు? రేపు కూడా సైరను మోగుతుందనే చెబుతారు. 2014లో మిల్లు ఆగిపోయింది. 2018లో జె.కె. పేపర్ సంస్థ చేతికి వచ్చిన తరువాతగాని యంత్రాలు మళ్ళీ కదలలేదు. ఆగిన ఏడూ నిరుటి లెక్క తప్పింది, కదిలిన ఏడూ తప్పింది. అలాగే 2019-20లో 640 లక్షల టన్నులు తవ్విన సింగరేణి, కరోనా ఏడాది 2020-21లో 506 లక్షల దగ్గర ఆగింది. చిట్టా రోడ్డు తిన్నగా వున్నంతవరకు నడిపించే ఎద్దు. మలుపు వచ్చినప్పుడు బండివాడు మెలకువగా వుండాలి.

ఇంతవరకూ చూసినవి నిజాయితీగా తప్పిన లెక్కలు. ఎన్నడూ తప్పని లెక్క సంగతి ఇప్పుడు చెబుతాను. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంస్థను మన రాష్ట్రాలలో మరిచినవారుండరు. ఆ కంపెనీ కూడా ముందుగా గైడెన్స్ చెప్పేది. ఫలితాలు ముచ్చటగా వుండేవి. 2008 సెప్టెంబరులో మంచి కంపెనీ పాలనకు 'గోల్డెన్ పీకాక్' బహుమతి కూడా వచ్చింది. ఆ సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు రాబడి 2,700 కోట్ల రూపాయలని, అందులో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజుగారు తమ డైరెక్టర్లకు ఒక ఉత్తరం రాశారు. అసలు రాబడి 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు మాత్రమేనని అందులో వుంది. పద్దుల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనేలేవని వుంది. ఆ ఒక్కరోజున వాటా ధరలో నాలుగింట మూడువంతులకు పైగా ఎగిరిపోయింది. 2015 ఏప్రిల్లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా నిర్ణయించింది. తరువాత పై కోర్టు శిక్షను నిలిపి బెయిలు మంజూరు చేసింది.

ఇక్కడ మేనేజరు జోస్యమూ పనికిరాలేదు, నిరుటి లెక్కా పనికిరాలేదు. జోస్యం చెప్పినవారి చేతిలోనే ఫలితం రాసే కలం కూడా వుంది. ఇక తప్పుతుందా? నిరుటి లెక్కకు ఆధారమైన నిరుటి పద్దే కల్పితమైనప్పుడు, ఎంత మంచి సూత్రమైనా ఆ కల్పననే ముందుకు మోసుకుపోతుంది. అందువల్ల, తప్పులు చేసే మేనేజరును చూసి కంగారుపడవద్దు. వానలు, యుద్ధాలు, వడ్డీలు, డాలరు ధర ఇన్ని మారుతుండగా ఒక కంపెనీ అంకె ఏనాడూ కొంచెమైనా అటూ ఇటూ కాలేదంటే, అప్పుడు కంగారుపడండి.

ఇక కాకా కంపెనీ. దాని పేరు ఇక్కడ అనవసరం. పాత వార్షిక నివేదికలు తీసి అయిదేళ్ళ జోస్యాలు ఒక వరుసలో, నిరుటి లెక్క ఒక వరుసలో, అసలు లాభాలు ఒక వరుసలో కాకా తన ముత్యాలవంటి అంకెలతో రాశాడు. అయిదేళ్ళలో నాలుగేళ్ళు నిరుటి లెక్కే గెలిచింది. అంతకన్న ముఖ్యం, మేనేజరుగారి తప్పులన్నీ ఒకేవైపు, పైవైపే వున్నవి. తక్కెడ ఒకసారి అటు, ఒకసారి ఇటు తూగితే చెయ్యి వణికిందనుకోవచ్చు. ఎప్పుడూ అమ్మేవాడివైపే తూగితే చెయ్యి కాదు, తక్కెడే అలాంటిది. ఈ ఏడు నూటికి ముప్పై అనడానికి ఆయన చూపిన కొత్త కారణమేమిటా అని వెతికాము. కొత్త ఆర్డరు లేదు, కొత్త యంత్రం లేదు. "విశ్వాసం" అన్న మాట మాత్రం ఏడుసార్లు వుంది.

కాకా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పిల్ల పెండ్లికి తారీకున్నది సార్. మేనేజరు ముచ్చటకు తారీకు లేదు" అన్నాడు. పెళ్ళి డబ్బు బ్యాంకులోనే వుండిపోయింది. దానిమీద మిత్తి తక్కువే. ఆ లోటు ఎక్కడ పూడుతుందా అని ఆ ఇంట్లో ఇంకా లెక్కలు వేసుకుంటూనే వున్నారు. నిజం తెలిసినంత మాత్రాన డబ్బు పెరగదు గదా.

ఈ పత్రిక చదివే ఇళ్ళలోనూ ఇలాంటి సొమ్ము వుంటుంది. పెళ్ళికో, చదువుకో, చివరి రోజులకో దాచినది. అటువంటివారికి నేను చెప్పగలిగినవి కొద్ది మాటలే. మేనేజరుగారి అంకె వినగానే, నిరుటి అంకె ఏమిటని అడగండి. ఈ రెంటికీ వున్న తేడాకు పాత పద్దులో లేని కారణం ఏం చూపుతున్నారో అడగండి. ఆయన ఇదివరకటి జోస్యాలు ఎంత తప్పినవి, ఎటువైపు తప్పినవి చూడండి. ఆ అంకె నెరవేరినా నెరవేరకపోయినా ఆయనకేమి ఒరుగుతుందో కూడా ఆలోచించండి. కొత్తగా వాటాలు అమ్మజూపే కంపెనీల సంగతి వేరు. జనం దగ్గర డబ్బు వసూలు చేసి మాయమైపోయిన కంపెనీలు రెండువందలకు పైగా వున్నాయని ప్రభుత్వమే జాబితా రాసింది. అటువంటి కొత్త వాటాల పత్రాలలో లాభాల జోస్యం రాయడానికి సెబీ నిబంధనలు ఇప్పుడు ఒప్పుకోవు. పత్రంలో లేని అంకెను ఎవరైనా మీ చెవిలో చెబితే, అది చెవిలో ఎందుకు చెబుతున్నాడో మీకే తెలియాలి.

ఇన్ని పరీక్షలకూ నెగ్గిన జోస్యమైనా, అది తప్పినప్పుడు ఆగిపోయే పనికోసం దాచిన సొమ్మును దానిమీద పెట్టవద్దు. మా చుట్టుపక్కల పత్తి రైతు ఎంత మంచి వాన జోస్యం విన్నా, తొలకరికే గింజలన్నీ భూమిలో వేసెయ్యడు. రెండోసారి విత్తడానికి కొన్ని ఇంట్లో వుంచుకుంటాడు.

ఇంకొక పని వుంది. దానికి పైసా ఖర్చులేదు. మేనేజరుగారు ఈ రోజు చెప్పిన అంకెను, తేదీతోసహా, మీ ఇంటి క్యాలెండరు వెనుక రాసిపెట్టుకోండి. పక్కనే నిరుటి అంకె కూడా రాయండి. ఏడాది తిరిగాక ఆ కాగితం తీసి, రెంటిలో ఏది గెలిచిందో ఇంటిల్లిపాదీ చూడండి. నాలుగేళ్ళు అలా చేస్తే, ఎవరి మాట ఎంతవరకు వినవచ్చో మీకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.